పడనివాడికి పడే ఉద్యోగం

మా పెద్దనాన్న కొడుకు ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు, అంటే గోల్ వైపు ఎవరినీ రానివ్వకుండా ఎడమ పక్క కాపలా. సికింద్రాబాద్ గ్రౌండ్లలో అన్న గురించి ఎవరినడిగినా ఒకటే చెప్పేవాళ్ళు: "వాడు పడడు." ఎదుటి టీమ్ ఫార్వర్డ్ వచ్చి గుద్దుకుంటే ఆ ఫార్వర్డే పడేవాడు. అన్న మాత్రం బంతి తీసుకుని తన దారిన తను వెళ్ళిపోయేవాడు. పెనాల్టీ కోసం దొంగగా పడేవాళ్ళంటే అన్నకి మహా చిరాకు. "గాలొస్తే పడుడేందిరా, సిగ్గు లేకుంట" అని మ్యాచ్ అయిపోయాక కూడా, ఇరానీ హోటల్లో కూర్చుని, గంటసేపు తిట్టేవాడు.

ఇప్పుడు అన్న ఇల్లు గడిచేది పడటం మీదే. కృష్ణానగర్‌లో ఉంటాడు, సినిమాల్లో ఫైటర్. హీరో కొడితే ఎగిరిపడే పదిమందిలో ఒకడు.

మొదటి రోజు సంగతి అన్నే నవ్వుతూ చెప్తాడు. ఊరి బయట పాత గోడౌన్లో షూటింగ్. హీరో పిడికిలి అన్న మొహానికి జానెడు దూరంలోంచి పోతుంది. కెమెరా హీరో భుజం వెనకాల ఉంటుంది కాబట్టి ఆ జానెడు సందు తెర మీద కనబడదు. పిడికిలి మొహం ముందుకి రాగానే తల విసరాలి, ఒళ్ళు తిప్పాలి, ఫ్రేమ్ బయట పరిచిన బెడ్ మీద పడాలి. అంతే పని. మొదటి టేక్‌లో అన్న పడలేదు. పదిహేనేళ్ళు బంతిని చూసిన కళ్ళు పిడికిలిని కూడా బంతిలాగే చూశాయి. అది తగలదని వాటికి ముందే తెలిసిపోయింది, ఒళ్ళు కదల్లేదు. రెండో టేక్‌లో పడ్డాడు గానీ పిడికిలి వెళ్ళిపోయిన తర్వాత. మూడోసారి అలవాటు కొద్దీ భుజం అడ్డం పెట్టేశాడు. హీరో రెండడుగులు వెనక్కి తూలాడు. యూనిట్ మొత్తం సైలెంట్. ఫైట్ మాస్టర్ దగ్గరికొచ్చి, "నాయనా, నిలబడ్డానికి నీకు డబ్బులివ్వట్లేదు" అన్నాడట.

ఆటగాడు సినిమాల్లోకి వెళ్తే మనం మామూలుగా రెండు మాటలంటాం. "ఒళ్ళు ఫిట్‌గా ఉంది, ఫైట్లు ఎంతసేపు" అన్నది ఒకటి. "ఆట అయిపోయినా సినిమా ఆదుకుంది, అదృష్టవంతుడు" అన్నది రెండోది. మొన్న ఒక పెళ్ళిలో అన్న ముందే ఎవరో ఈ రెండు మాటలూ అన్నారు. అన్న నవ్వి ఊరుకున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు గానీ పెళ్ళిలో గొడవెందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను.

మొదటి మాట సంగతి ముందు చూద్దాం. గ్రౌండ్‌లో ఒళ్ళు నేర్చుకునేది తెలియనిదానికి జవాబు చెప్పడం. బంతి ఎటు వస్తుందో తెలియదు, ఎదుటివాడు ఎటు తిరుగుతాడో తెలియదు. అర క్షణం ముందు పసిగట్టినవాడే మొనగాడు. ఫైట్‌లో అంతా తెలిసే ఉంటుంది. ఎన్నో దెబ్బ, ఏ వైపు, ఎవరు ఎటు పడాలి, అన్నీ పొద్దున్నే రిహార్సల్లో లెక్క పెట్టేసుకుంటారు. తెలిసినదాన్ని తెలియనట్టు చెయ్యాలి. అర క్షణం ముందు కదిలినవాడు టేక్ పాడుచేసినట్టే. అంటే గ్రౌండ్‌లో ఏది గొప్పో ఇక్కడ అదే తప్పు. అన్నకి దీన్ని వదిలించుకోవడానికి ఏడాది పట్టింది. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి, తల వెనక నేలకి కొట్టుకోకుండా. ఊపిరి బిగబట్టకూడదు, వదిలెయ్యాలి. చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోవాలని చూస్తే మణికట్టు పోతుంది, అందుకే అరచెయ్యీ ముంజెయ్యీ కలిపి నేల మీద చరచాలి, దెబ్బ అంతటా పరుచుకునేలా. ఇవన్నీ కొత్తగా నేర్చుకున్నవే. ఫుట్‌బాల్ నుంచి తెచ్చుకున్నది ఏమైనా ఉందా అనడిగితే అన్న చాలాసేపు ఆలోచించి, "దెబ్బ తగిలినంక లేసుడు" అన్నాడు.

(నన్నడిగితే, ఫైటర్లుగా అసలు పనికొచ్చేది అన్న తిట్టిన ఆ దొంగపడుడు ఫార్వర్డ్‌లు. తగలని దెబ్బకి మొహం మీద నొప్పి చూపించడం వాళ్ళకి పుట్టుకతోనే వచ్చు. ఈ మాట అన్నతో అంటే రెండు రోజులు మాట్లాడలేదు.)

ఇక రెండో మాట, అదృష్టం సంగతి. దీనికి అన్న సరిపోడు, పెద్దవాళ్ళని చూడాలి. మన దేశంలో ఈ కథకి అందరూ చెప్పే పేరు కేరళ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ ఐ.ఎం. విజయన్.

త్రిశ్శూర్ మునిసిపల్ స్టేడియంలో సోడా సీసాలమ్మిన కుర్రాడు, సీసాకి 10 పైసలు. అక్కడి నుంచి కేరళ పోలీసు టీమ్, ఆ తర్వాత కోల్‌కతాలో మోహన్ బగాన్, పంజాబ్‌లో జేసీటీ, మళ్ళీ కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్. 1999లో ఖాట్మండులో భూటాన్ మీద ఆట మొదలైన 12 సెకన్లకే గోల్ కొట్టాడు. మీరు ఈ వాక్యం చదివేలోపు అన్నమాట. అంతర్జాతీయ ఆటకి విజయన్ వీడ్కోలు చెప్పింది మన హైదరాబాద్‌లోనే, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లో. 34 ఏళ్ళ వయసులో నాలుగు గోల్స్ కొట్టి టోర్నీలో టాప్ స్కోరర్ అయ్యాడు. ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. అన్న స్టేడియంకి వెళ్ళి చూసొచ్చాడు. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో గుర్తులేదు, అంత పనికిమాలిన కారణం అయ్యుంటుంది.

అప్పటికే విజయన్ ఒక సినిమా చేసి ఉన్నాడు. జయరాజ్ తీసిన మలయాళ సినిమా 'శాంతం'. రాజకీయ కక్షలో స్నేహితుణ్ణి చంపి, ఆ పాపం మోయలేక కుమిలిపోయే కుర్రాడి పాత్ర. 2000 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం అదే. కేపీఏసీ లలితకి సహాయ నటిగా అవార్డు కూడా వచ్చింది. గమనించండి, ఫైట్లు చేయించడానికి తీసుకోలేదు అతన్ని. చూడ్డానికి గట్టిగా ఉండి లోపల విరిగిపోయిన మనిషి కావాలనుకున్నారు, తీసుకున్నారు.

ఆ తర్వాతే కథ మారింది. 2006లో తమిళంలో 'తిమిరు' వచ్చింది, విశాల్ హీరో. తెలుగులో 'పొగరు' పేరుతో డబ్ అయింది, మనవాళ్ళలో చాలామంది విజయన్ని చూసింది అందులోనే, ఆయన ఎవరో తెలియకుండానే. శ్రియా రెడ్డి చేసిన ఆ భయంకరమైన ఈశ్వరి పాత్రకి అన్నగా వేశాడు. తమిళంలో ఆ పాత్ర పేరు పెరియ కరుప్పు. కరుప్పు అంటే నలుపు. మదురై వైపు కరుప్పసామి గ్రామదేవత, ఆ పేరు పెట్టుకునేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, కాబట్టి పేరొక్కదాన్నే పట్టుకుని కేసు పెట్టను. కానీ ఆ తర్వాత వచ్చిన పాత్రలు కూడా చూడండి. 'కొంబన్'లో విలన్ పక్షం. 2019లో 'బిగిల్', తెలుగులో 'విజిల్'. అది ఫుట్‌బాల్ సినిమా. ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్, కోచ్‌గా విజయ్. ఆ సినిమాలో ఈ దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడున్నాడు, ఉండి ఏం చేశాడు? అలెక్స్ అనే రౌడీ వేషం వేశాడు. బంతి ఉన్న సినిమాలో కూడా ఆయన్ని విలన్ల బ్యాచ్‌లోనే నిలబెట్టారు.

కోల్‌కతా జనం విజయన్ని 'కాలో హరిణ్' అన్నారు, నల్ల జింక. అందులోనూ రంగుంది. కానీ ఆ మాటలో నలుపు పక్కన జింక కూడా ఉంది, పరుగు ఉంది, మలుపు తిరిగే నడుముంది. సినిమా జింకని వదిలేసి నలుపుని మాత్రం ఉంచుకుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: సినిమా ఆటగాడి ఆటని తీసుకోదు, ఆకారాన్ని తీసుకుంటుంది. ఆకారానికి డబ్బులిచ్చినప్పుడు దాన్ని సెకండ్ ఇన్నింగ్స్ అని మనం చప్పట్లు కొడుతున్నాం.

"ఆయనకే లేని బాధ నీకెందుకు" అనొచ్చు. నిజమే, విజయన్ ఎక్కడా ఏడవలేదు. వేషాలు సరదాగా వేశాడు. ఆ సరదా ఎందుకు సాధ్యమైందో మాత్రం తర్వాత చెప్తాను.

బయటి దేశాల్లో కూడా ఇదే లెక్కా అని చూస్తే, చాలావరకు ఇదే. ఇంగ్లండ్‌లో విన్నీ జోన్స్ ఉన్నాడు. వింబుల్డన్ టీమ్ 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచినప్పుడు అందులో ఆడాడు. కానీ అందరికీ గుర్తున్నది కప్పు కాదు, ఎదుటి ఆటగాణ్ణి పట్టుకుని పిసికిన ఫొటో, మ్యాచ్ మొదలైన మూడు సెకన్లకే తెచ్చుకున్న ఎల్లో కార్డు. 1992లో 'మొరటు ఆటగాళ్ళు' అని ఒక వీడియోకి వ్యాఖ్యాతగా ఉండి, గ్రౌండ్‌లో ఎలా దెబ్బలు కొట్టాలో గొప్పగా చెప్పినందుకు అక్కడి ఫుట్‌బాల్ సంఘం 20,000 పౌండ్ల జరిమానా వేసింది. ఆరేళ్ళ తర్వాత దర్శకుడు గై రిచీ సినిమాలో అప్పులు వసూలు చేసే రౌడీ వేషం వచ్చింది. అంటే ఏ మొరటుతనం అమ్ముకున్నాడని జరిమానా వేశారో, అదే మొరటుతనానికి సినిమా వాళ్ళు చెక్కు రాసిచ్చారు. 2000లో హాలీవుడ్ 'గాన్ ఇన్ 60 సెకండ్స్'లో అయితే దాదాపు మాటల్లేని పాత్ర. నిలబడి చూస్తే చాలు. నేను ఆయన్ని తప్పుపట్టను. తన దగ్గరున్న సరుకేంటో ఆయనకి బాగా తెలుసు, మంచి ధరకి అమ్మాడు.

నా వాదనకి అడ్డం వచ్చేవాడు ఒకడున్నాడు, వాణ్ణి దాచిపెట్టడం న్యాయం కాదు. అమెరికాలో జిమ్ బ్రౌన్. వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, బంతి చంకలో పెట్టుకుని మనుషుల్ని గుద్దుకుంటూ పరిగెత్తేది. దానికి ఫుట్‌బాల్ అని ఎందుకు పేరు పెట్టుకున్నారో వాళ్ళకే తెలియాలి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమ్‌కి 1957 నుంచి 1965 దాకా తొమ్మిది సీజన్లు ఆడి 12,312 గజాలు పరిగెత్తాడు. ఆ రికార్డు 1984 దాకా ఎవరూ దాటలేదు. 1966 వేసవిలో ఇంగ్లండ్‌లో 'ది డర్టీ డజన్' అనే యుద్ధ సినిమా షూటింగ్. వానల వల్ల షూటింగ్ సాగింది, అమెరికాలో టీమ్ ట్రైనింగ్ క్యాంపు మొదలైంది. రాకపోతే జరిమానా వేస్తానని ఓనర్ బెదిరించాడు. బ్రౌన్‌కి 30 ఏళ్ళు, ఫామ్‌లో ఉన్నాడు. జరిమానా కట్టలేదు, క్యాంపుకీ వెళ్ళలేదు. ఇక ఆడనని షూటింగ్ నుంచే ప్రకటించాడు.

ఆ సినిమా చివర్లో బ్రౌన్ ఒక పరుగు పరిగెత్తుతాడు. జర్మన్ అధికారులున్న భవనం బయట, గాలి గొట్టాల్లో ఒక్కో గ్రెనేడ్ వేసుకుంటూ, ఒకదాని నుంచి ఇంకోదానికి. ఆఖరికి తూటా తగిలి పడిపోతాడు. ఆ పరుగులో కనిపించేది నటుడు కాదు. ఒళ్ళు ముందుకు వంచి, చిన్న అడుగులతో మొదలుపెట్టి, సందు దొరకగానే సాగే ఆ పరుగు తొమ్మిదేళ్ళు అమెరికా ఆదివారాలు చూసిన పరుగే. ఆటని తీసుకుని కథలో పెట్టిన సందర్భం అది. కాబట్టి సినిమాకి చేతకాదని కాదు. చెయ్యాలనుకుంటే చెయ్యగలదు. ఎక్కువసార్లు అనుకోదు, అంతే.

అలా అనుకున్న ఇంకో సినిమా 1981లో వచ్చిన 'ఎస్కేప్ టు విక్టరీ'. యుద్ధ ఖైదీలకీ జర్మన్లకీ మధ్య మ్యాచ్ కథ, తీసింది బుడాపెస్ట్‌లో. పేరున్న ఆటగాళ్ళలో పేలే ఉన్నాడు, బాబీ మూర్ ఉన్నాడు, ఆర్డిలెస్ ఉన్నాడు, ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ టౌన్ టీమ్ నుంచి చాలామంది ఉన్నారు. అసలు విశేషం డూపుల్లో ఉంది. నటుడు మైకేల్ కేన్ బంతి తన్నే చోట్ల తన్నింది కెవిన్ బీటీ. ఇంకో నటుడు స్టాలోన్ గోల్‌కీపింగ్‌కి డూపు పాల్ కూపర్. ఇద్దరూ ఇప్స్‌విచ్ వాళ్ళే. బీటీ ఇంగ్లండ్‌కి ఆడిన డిఫెండర్, మోకాలి గాయాలు త్వరగా తినేశాయి. ఆట అతని కాళ్ళది, మొహం కేన్‌ది. ఇందాక ఆకారం తీసుకుని ఆట వదిలేస్తారన్నాను కదా, ఇక్కడ ఆట తీసుకుని మనిషిని వదిలేశారు. రెండిట్లో ఏది మేలో నాకు తేలలేదు. అన్ననడిగితే ఠక్కున, "డూపే మంచిగ. కనీసం మన పని మనం చేస్తం" అన్నాడు.

ఇందాక ఆపిన సంగతికొస్తాను. విజయన్ వేషాలు సరదాగా వెయ్యగలిగాడంటే కారణం సినిమా కాదు, పోలీసు ఉద్యోగం. కుర్రాడిగా ఉన్నప్పుడు తీసుకున్న కేరళ పోలీసే ఆట అయిపోయాక కూడా చోటిచ్చింది. 2025లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడాదే రిటైర్ అయ్యాడు. నెల తిరిగేసరికి జీతం పడేవాడికి వేషం వస్తే వచ్చింది, లేకపోతే లేదు. నచ్చకపోతే వద్దనొచ్చు. ఆయన రెండో కెరీర్ ఖాకీ. సినిమా మూడోది.

ఈ విద్య మనకి తెలియనిది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచ్ రహీమ్ సాబ్ చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఆ కప్పుల వెనక ఆట ఎంతుందో ఉద్యోగం కూడా అంతే ఉంది. రేపు మోకాలు పోతే ఏంటన్న టెన్షన్ లేకుండా ట్యాకిల్‌కి వెళ్ళగలిగిన ఆటగాళ్ళు వాళ్ళు. అన్న తరానికి వచ్చేసరికి ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఒక సంస్థ టీమ్‌లో మూడేళ్ళు ఆడించుకున్నారు, పర్మనెంట్ చేస్తామన్నారు, తర్వాత టీమ్‌నే తీసేశారు. అప్పటికి అన్నకి 29. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఉంది. గ్రౌండ్‌కి పొద్దున్నే ఎక్సర్‌సైజుకి వచ్చే ఒక ఫైటర్ పరిచయమై, "ఒళ్ళు బాగుంది, వస్తావా" అన్నాడు. యూనియన్ కార్డుకి డబ్బులు పెద్దమ్మ గాజులు పెట్టి తెచ్చారు.

కాబట్టి "సినిమా ఆదుకుంది" అన్న మాట నాకు నచ్చదు. సినిమా తనకి అవసరమైన ఒళ్ళు తీసుకుంది, రోజువారీ లెక్కన డబ్బులిచ్చింది. ఎంతిస్తారో రాయొద్దన్నాడు, రాయను. నాలుగేళ్ళ కింద రోప్ షాట్‌లో వెనక్కి లాగినప్పుడు టైమింగ్ తప్పి అన్న బెడ్ అంచు మీద పడ్డాడు, మోకాలు తిరిగిపోయింది. ఆ రోజు ఆసుపత్రి బిల్లు ప్రొడక్షన్ వాళ్ళే కట్టారు. ఆపరేషన్ సంగతి వచ్చేసరికి ఫోన్ ఎత్తడం మానేశారు. తోటి ఫైటర్లు తలా కొంత వేసుకుని చేయించారు. అది కూడా అదృష్టం ఖాతాలోనే రాసుకోవాలా? 2025 జులైలో తమిళనాడులో, నాగపట్టణం జిల్లాలో, కారు స్టంట్ చేస్తూ ఒక సీనియర్ స్టంట్‌మన్ చనిపోయినప్పుడు వీడియో ఫోన్లలో తిరిగింది. అన్న దాన్ని పూర్తిగా చూడలేదు.

అవార్డులు వస్తున్నాయి, కాదనను. మన జాతీయ అవార్డుల్లో ఫైట్లకి ఒక విభాగం పెట్టారు, 'ఆర్ఆర్ఆర్' ఫైట్లకి ఫైట్ మాస్టర్ కింగ్ సాలమన్‌కి వచ్చింది. ఆస్కార్ వాళ్ళు కూడా 2027 సినిమాల నుంచి స్టంట్ల విభాగం మొదలుపెడతామన్నారు. మంచిదే. అవన్నీ ఎలా పడాలో చెప్పినవాళ్ళకి. పడ్డవాళ్ళ పేర్లు సినిమా చివర అక్షరాల్లో వస్తాయి, అప్పటికి హాల్లో లైట్లు వేసేస్తారు.

పోయిన ఆదివారం అన్న వాళ్ళింట్లో భోజనం చేసి కూర్చున్నాం. మోకాలి కింద దిండు పెట్టుకుని అన్న ఫోన్లో 'పొగరు' ఫైట్ పెట్టాడు, ఎన్నోసారో తెలియదు. నేను విజయన్ మొహం చూస్తున్నాను. అన్న తెర మీద వేలు పెట్టి ఆపి, రెండు వేళ్ళతో లాగి కాళ్ళు పెద్దవి చేశాడు.

"ఇగో, ఎడమ కాలు చూడు. కొట్టే ముందు బరువు మొత్తం దాని మీద వేసిండు. అది పంచ్ కాదురా, షాట్ కొట్టేటప్పుడు నిలబడేది."

నాకు పంచె అంచు, దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. కనబడిందన్నాను. అన్న నమ్మలేదు, వెనక్కి జరిపి మళ్ళీ వేశాడు.